డైహైడ్రోఒరోటేట్ డీహైడ్రోజినేజ్ మైటోకాండ్రియాలోనే ఎందుకు ఉంది?

ప్రశ్న

డీఎన్ఏ, ఆర్ఎన్ఏల నిర్మాణానికి కావలసిన పిరిమిడిన్ల తయారీ చదువుతున్నప్పుడు వచ్చిన సందేహం ఇది. మన కణాలలో మొదటి మూడు చర్యలను క్యాడ్ అనే ఒకే పెద్ద ప్రోటీన్, చివరి రెండింటిని యూఎంపీ సింథేజ్ అనే ఎంజైము కణద్రవ్యంలోనే ముగిస్తాయి. డైహైడ్రోఒరోటేట్‌ను ఒరోటేట్‌గా మార్చే నాలుగో చర్య మాత్రం మైటోకాండ్రియా లోపలి పొరను అంటుకుని ఉన్న ఎంజైము చేతిలో ఉంది. ఈ ఒక్క చర్య కోసం పదార్థం అంత దూరం వెళ్ళి రావలసిన అవసరం ఏమిటి?

సమాధానం 1

ఈ మార్గంలో ఆక్సీకరణం జరిగేది ఆ చర్యలోనే. డైహైడ్రోఒరోటేట్ నుండి తీసుకున్న రెండు ఎలక్ట్రాన్లను ఎంజైము మొదట తనలోని ఎఫ్ఎంఎన్ అనే సహాయక అణువుకు, తరువాత పొరలో ఉండే యుబిక్వినోన్ అనే ఎలక్ట్రాన్ వాహకానికి అందిస్తుంది. ఆ ఎలక్ట్రాన్లు శ్వాసగొలుసు (లోపలి పొరలో ఎలక్ట్రాన్లను వరుసగా అందించే ప్రోటీన్ల శ్రేణి) గుండా ఆక్సిజన్‌ను చేరితేనే యుబిక్వినోన్ మళ్ళీ ఖాళీ అవుతుంది కనుక, గొలుసు ఆగితే పిరిమిడిన్ల తయారీ కూడా ఆగుతుంది. మైటోకాండ్రియా డీఎన్ఏను పూర్తిగా తొలగించి, తద్వారా శ్వాసగొలుసు పనిచేయకుండా చేసిన మానవ కణాలు పైరువేట్‌తో పాటు యూరిడిన్ అనే పిరిమిడిన్ పదార్థాన్ని కూడా బయటి నుండి అందిస్తేనే పెరుగుతాయని 1989లో తేలింది. ఇక దూరం సంగతికి వస్తే, ఎంజైము పనిచేసే భాగం రెండు పొరల నడుమ ఉన్న చోటి వైపే తిరిగి ఉంటుంది కాబట్టి పదార్థం లోపలి పొరను దాటనవసరం లేదు.

సమాధానం 2

పై వివరణ సరైనదే, కానీ అన్ని జీవులకూ వర్తించదు. రొట్టెల తయారీలో వాడే ఈస్ట్‌లో ఈ ఎంజైము కణద్రవ్యంలోనే ఉండి, ఎలక్ట్రాన్లను ఫ్యూమరేట్‌కు ఇస్తుంది. ఈ తేడాను ఆధారం చేసుకుని 2007లో జరిగిన ప్రయోగం నాకు ఎంతో ఇష్టం. మలేరియా పరాన్నజీవి ప్లాస్మోడియం ఫాల్సిపారం పిరిమిడిన్లను బయటి నుండి తీసుకోలేదు, స్వయంగా తయారుచేసుకోవలసిందే. దానిలో ఈస్ట్ ఎంజైమును ప్రవేశపెట్టగానే, శ్వాసగొలుసును మూడో కాంప్లెక్సు (అందులోని మూడో ప్రోటీన్ సముదాయం) వద్ద అడ్డుకునే అటోవాక్వోన్ మందుకు అది లొంగలేదు. అంటే ఎర్ర రక్తకణంలో ఉన్న దశలో ఆ పరాన్నజీవికి శ్వాసగొలుసు ముఖ్యంగా అవసరమయ్యేది ఈ ఒక్క ఎంజైముకు యుబిక్వినోన్ అందించడానికే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కీళ్ళవాతానికి ఇచ్చే లెఫ్లునోమైడ్ కూడా ఈ ఎంజైమునే అడ్డుకుంటుందని చదివాను. అలాంటప్పుడు మిగతా కణాలు ఎలా బతుకుతున్నాయి?

సమాధానం 3

విభజన చెందని కణాలకు, పాత న్యూక్లియోటైడ్ల నుండి వచ్చే యూరిడిన్‌ను తిరిగి వాడుకోవడం చాలావరకు సరిపోతుంది. ఉత్తేజితమై వేగంగా విభజన చెందే లింఫోసైట్లకు (రోగనిరోధక కణాలకు) అది చాలదు, అందుకే దెబ్బ ముందుగా వాటికే తగులుతుంది. మందు శరీరంలో టెరిఫ్లునోమైడ్‌గా మారిన తరువాతే ఎంజైమును అడ్డుకుంటుంది. ఆ రూపాన్నే నేరుగా మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నాడీ వ్యాధికి వాడేందుకు 2012లో అమెరికాలో అనుమతి లభించింది.