వోల్బాకియా దోమలను మన ఊళ్లలో వదలొచ్చా? ఆ బ్యాక్టీరియాను ఎంతవరకు నమ్మాలి?

గోదారిగట్టు:
పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ వారి దోమల నియంత్రణ పరిశోధన కేంద్రం (వీసీఆర్‌సీ), వోల్బాకియా బ్యాక్టీరియా ఎక్కించిన, డెంగీ మోసే ఏడిస్ ఈజిప్టై దోమలను 2022లోనే సిద్ధం చేసింది. ఇండోనేసియాలోని యోగ్యకర్తలో ఇలాంటి దోమలు వదిలిన పేటల్లో డెంగీ కేసులు 77 శాతం, ఆస్పత్రిలో చేరేవాళ్లు 86 శాతం తగ్గారని 2021లో ఫలితాలు వచ్చాయి. కానీ ఈ బ్యాక్టీరియా దోమ కణాల్లోనే కాపురం ఉంటూ, దోమ సంతానాన్ని తన ఇష్టానికి తిప్పుకుంటుందట. అలాంటిదాన్ని నమ్మి వదలొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

ల్యాబ్‌కోటు:
తిప్పుకునే మాట నిజమేనండీ. అసలు ఈ పద్ధతి నడిచేదే దానిమీద. వోల్బాకియా తల్లి గుడ్డు ద్వారానే పిల్లలకు చేరుతుంది. మగ దోమలోకి వచ్చిపడిందంటే దానికి ముందు దారి లేదు. అయినా ఆ మగదాన్ని ఊరికే వదలదు, సిఫ్ అనే ప్రోటీన్లతో వీర్యకణాలకు మెలిక పెడుతుంది. ఆ మగది వోల్బాకియా లేని ఆడదానితో కలిసిందనుకోండి. గుడ్డు మొదటిసారి రెండుగా చీలేటప్పుడు తల్లి క్రోమోజోములు సవ్యంగానే విడిపోతాయి, తండ్రివి మాత్రం వెనకబడి పోగుల్లా సాగుతాయి. పిండం అక్కడే ఆగిపోతుంది. కాగితం మీద పెట్టిన ఆ గుడ్లు పైకి మామూలు నల్ల గుడ్లలాగే ఉంటాయి, నీళ్లలో వేస్తే లార్వాలు రావు. అదే ఆడదానిలోనూ వోల్బాకియా ఉంటే, విరుగుడు గుడ్డులోనే సిద్ధంగా ఉంటుంది, పిల్లలు మామూలుగా పుడతాయి. లేనివాటి గుడ్లు దండగవుతుంటే ఉన్నవాటి సంతతి పెరుగుతూ పోతుంది. ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ దగ్గర 2011లో వదిలితే పేటలకు పేటలే అలా మారిపోయాయి.

అనుమానంపక్షి:
బాగా చెప్పారు. ఇందులో డెంగీ ఊసెక్కడుంది మరి? ఆ బ్యాక్టీరియాకు కావలసింది ఆడ దోమ నుంచి ఆడ దోమకు చేరడం. దోమ ఒంట్లో డెంగీ వైరస్‌ను పెరగనీయకుండా అడ్డుకోవడం మనకు కలిసొచ్చిన పక్కపని. రేపు ఆ పక్కపని మానేసినా దాని వ్యాప్తికి వచ్చే నష్టం లేదు, నష్టమంతా మనకే. ఏడిస్‌లోనే ఇంకో జాతి, టైగర్ దోమనే తీసుకోండి. దాని ఒంట్లో సహజంగానే రెండు రకాల వోల్బాకియా ఉంటుంది. అయినా డెంగీ, చికున్‌గున్యా రెండూ మోస్తుంది. మన మురుగుకాల్వల క్యూలెక్స్‌లోనూ ఉంది. 1924లో హెర్టిగ్, వోల్బాక్ దీన్ని మొదట చూసింది క్యూలెక్స్‌లోనే. ఉండి ఏం చేసింది, ఆ దోమ మోసే బోదకాలు ఆగిందా?

ల్యాబ్‌కోటు:
బోదకాలుకు కారణం పురుగు, వైరస్ కాదు. ఆ పోలిక నిలవదు. పైగా క్యూలెక్స్ మనల్ని తరతరాలుగా కుడుతూనే ఉంది కాబట్టి వోల్బాకియా ఉన్న దోమ కుడితే ఏమవుతుందో అన్న భయం అక్కర్లేదని కూడా తేలుతోంది. టైగర్ దోమ సంగతి మాత్రం గట్టి పాయింటే. అందులో వోల్బాకియా పలచగా, ఎక్కువగా అండాశయాల్లో ఉంటుంది. పండ్ల ఈగ నుంచి తీసి ఏడిస్ ఈజిప్టైలో పెట్టిన డబ్ల్యూమెల్ రకం లాలాజల గ్రంథుల దాకా ఒళ్లంతా కిక్కిరిసి ఉంటుంది. ఆ పండ్ల ఈగలో ఎన్నాళ్ల నుంచో ఉన్నా, ఈనాటికీ వైరస్‌ల నుంచి దాన్ని కాపాడుతూనే ఉంది. పాతబడితే చాలు పని మానేస్తుందనడానికి లేదు.

అనుమానంపక్షి:
కిక్కిరిసి ఉండటం దోమకు భారం కాదా? భారమైతే దోమ ఊరుకోదు. సమోవా దీవుల్లో ఒక సీతాకోకచిలుక జాతిలో వోల్బాకియా మగ పిండాలను చంపేసేది. 2001లో మగవి వందకు ఒకటి. 2006కల్లా దాదాపు 40 శాతం! దాన్ని అణిచే జన్యువు ఒకటి ఆ జాతిలో అంత వేగంగా పాకింది. ఈ తగువులో ఎవరి పైచేయి ఎన్నాళ్లుంటుందో ముందే రాసివ్వగలరా?

పల్లెడాక్టర్:
బోదకాలు మాట వచ్చింది కాబట్టి ఒకటి కలుపుతాను. ఆ పురుగు ఒంట్లో కూడా వోల్బాకియా ఉంది, అక్కడ కథ పూర్తిగా వేరు. అది లేకపోతే పురుగు పిల్లలను పెట్టలేదు, చివరికి చస్తుంది కూడా. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలు డాక్సీసైక్లిన్ ఇస్తే బ్యాక్టీరియాతో పాటు పురుగు పనీ అయిపోతుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వకూడదు, కోర్సు కూడా పొడవు. కనుక ఊరందరికీ పంచే మందు కాలేకపోయింది. ఒకే బ్యాక్టీరియా, దోమలో దబాయించి బతుకుతుంది, పురుగులో అవసరమై బతుకుతుంది. మంచిదా చెడ్డదా అని ఒక్క ముక్కలో తేల్చలేం.

బెజవాడ_ఎండలు:
మీరంతా అసలు సమస్య వదిలేశారు. డబ్ల్యూమెల్‌కు వేడి పడదు. లార్వాలు పెరిగే నీళ్లు రోజూ 37 డిగ్రీలకు పోతుంటే దోమలో దాని సంఖ్య పడిపోతుంది, తర్వాతి తరానికి అందడమూ తగ్గుతుంది. 2018 వడగాడ్పుకు కెయిర్న్స్‌లోనే కొంత తగ్గి మళ్లీ కోలుకుంది. రోహిణి కార్తెలో మా మేడ మీద మూతలేని డ్రమ్ములో నీళ్లు చేత్తో తాకలేం. పుదుచ్చేరి వాళ్లు డబ్ల్యూఆల్బ్‌బీ రకాన్ని కూడా చేసింది మంచిదైంది. అది వేడికి ఆగుతుంది. కౌలాలంపూర్‌లో దానితో డెంగీ 40 శాతం దాకా తగ్గింది. మనకు పనికొస్తే అదే పనికి రావాలి.

గోదారిగట్టు:
జనం ఒప్పుకుంటారా అన్నది ఇంకో టెన్షన్. 1970లలో డబ్ల్యూహెచ్‌ఓ, ఐసీఎంఆర్ కలిసి ఢిల్లీ చుట్టుపక్కల దోమల మీద ఇలాంటి ప్రయోగాలే మొదలుపెట్టాయి. అమెరికా డబ్బు, జీవాయుధాల కోసమేనని గోల. 1975లో మూటకట్టేశారు. ఇప్పుడు వాట్సాప్ కూడా ఉంది.

అనుమానంపక్షి:
అందుకే నా ఓటు సింగపూర్ పద్ధతికి. వాళ్లు వోల్బాకియా ఉన్న మగ దోమలనే వదులుతారు. మగవి కుట్టవు, బ్యాక్టీరియా ముందు తరానికి పోదు, ఆడవాటి గుడ్లు పొదగవు, అంతే. తేడా వస్తే మర్నాటి నుంచి ఆపేయొచ్చు.

ల్యాబ్‌కోటు:
ఆపేయొచ్చు, నిజమే. ఆపిన కొన్నాళ్లకే పక్క పేట దోమలు వచ్చి చేరతాయి. ఒక్క ఆడది కూడా కలవకుండా లక్షల మగ దోమలను ఏరాలి, వారం వారం వదులుతూనే ఉండాలి. మా వార్డులో ఫాగింగ్ బండి వర్షాకాలం పోయాక వస్తుందండీ. ఆ లెక్కన మగ దోమలను ఎవరు పెంచుతారో, బిల్లు ఎవరు కడతారో కూడా చెప్పండి మరి.