22 డిగ్రీలు చూపిస్తున్న లైటును నమ్మాలా, సాఫీగా నడుస్తున్న ఇంజినును నమ్మాలా?

పాతబండి
1979 మోడల్ పికప్ ట్రక్కు. 5.7 లీటర్ల వి8, కార్బ్యురేటర్, కాయిల్ డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు స్పార్క్ పంచేది) మూతలోనే ఉండే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. ఐడ్లింగ్‌లో ఇంజిన్ ఊగుతోంది. సైలెన్సర్ గొట్టం దగ్గర చెయ్యి పెడితే లెక్కపెట్టినట్టు ఒక్కో దెబ్బ తప్పుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు కార్బ్యురేటర్‌లో నుంచి టప్పుమని ఎదురు కొడుతోంది. ప్లగ్గులు, వైర్లు, మూత, రోటర్ అన్నీ కొత్తవి వేశాను.

బానెట్ లోపలి స్టిక్కర్ చెప్పినట్టు టైమింగ్ 8 డిగ్రీలకు (పిస్టన్ పైకొసకు చేరడానికి క్రాంక్ లెక్కలో అన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడేలా) పెడితే పికప్‌కు పికప్పే లేకుండా పోయింది. విసుగొచ్చి డిస్ట్రిబ్యూటర్ బిగింపు వదులు చేసి, చెవికి సాఫీగా వినిపించేదాకా తిప్పాను. బలం వచ్చింది, వేడి మీద కూడా వెంటనే స్టార్ట్ అవుతోంది, నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలే టకటక) లేదు. తీరా స్పార్క్ ఏ డిగ్రీ దగ్గర పడుతోందో చూపే, డయల్ ఉన్న టైమింగ్ లైటు పెట్టి చూస్తే 22 డిగ్రీలు! మిస్సింగ్ తగ్గింది గాని పోలేదు. ఇప్పుడు ఎవరి మాట వినాలి?

డిగ్రీలమనిషి
లైటు మాటే. ముందు ఒకటి చెప్పండి: వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్పుతో స్పార్క్‌ను ఇంకా ముందుకు జరిపే ఏర్పాటు) గొట్టం పీకి, దాని నోరు మూసి చూశారా? లేకపోతే ఆ 22లో వాక్యూమ్ వాటా కూడా కలిసి ఉంటుంది. ఐడ్లింగ్ వేగం ఎక్కువగా ఉంటే డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు విచ్చుకుని ఇంకొంత కలుపుతాయి.

చెవి సంగతి అంటారా, ఐడ్లింగ్‌లో అడ్వాన్స్ పెంచేకొద్దీ చాలా ఇంజిన్లు మురిసిపోతాయి. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు సిలిండర్లోకి వెళ్లే మిశ్రమం తక్కువ, అది నెమ్మదిగా మండుతుంది, కాబట్టి ముందే అంటిస్తే దానికి హాయి. లోడు పడగానే లెక్క తిరగబడుతుంది. మొదలే 22 అయితే బరువులు ఇచ్చే 20 కలిసి 40 దాటిపోతుంది. ఇలాంటి ఇంజిన్లకు మొత్తం 34 నుంచి 36 చాలు. రోడ్డు రొదలో మీకు వినబడని నాకింగే పిస్టన్‌ను పగలగొడుతుంది.

చెవిసాక్ష్యం
ఆ స్టిక్కర్ కొత్త ఇంజిన్ కోసం, ఆనాటి పొగ నిబంధనల కోసం రాసినది. ఇన్నేళ్లకు టైమింగ్ చైన్ సాగి ఉంటుంది, దాంతో అన్నీ ఆలస్యం. ఆ ఆలస్యాన్నే మీరు డిస్ట్రిబ్యూటర్ తిప్పి సరిచేశారు. వాక్యూమ్ గేజ్ (ఇంజిన్ పీల్పును పాదరసపు అంగుళాల్లో చూపే మీటరు) తగిలించండి. సూది గరిష్ఠానికి చేరేదాకా తిప్పి, అక్కడి నుంచి ఒక అంగుళం తగ్గేలా వెనక్కి తెచ్చి బిగించండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ 17 నుంచి 21 అంగుళాల మధ్య కదలకుండా నిలుస్తుంది. నేను లైటు ముట్టుకోకుండానే ఇన్నేళ్లు నడిపాను.

డిగ్రీలమనిషి
చైన్ వాదన అందరూ చెప్పేదే, అందులో ఒక మెలిక మరిచిపోతారు. ఈ ఇంజిన్‌లో డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పేది వాల్వులను తెరిచే కామ్‌షాఫ్టే, దాన్ని క్రాంక్ తిప్పేది ఆ చైన్‌తోనే. చైన్ సాగితే స్పార్కూ, వాల్వులూ రెండూ వెనకబడతాయి. లైటు కొలిచేది క్రాంక్‌తో పోలిస్తే స్పార్క్ ఎక్కడ పడుతోందన్నది. అంటే చైన్ సాగుడు దాని లెక్కలో ముందే చేరిపోయింది. లైటు చూసి పెడితే స్పార్క్ సరైన చోటికి వస్తుంది. వాల్వులు మాత్రం ఆలస్యంగానే ఉంటాయి, డిస్ట్రిబ్యూటర్ ఎంత తిప్పినా అవి కదలవు. ఆ లోటు పూడ్చడానికి 14 డిగ్రీలు అదనంగా ఇవ్వడమంటే కాలినొప్పికి చేతికి కట్టు కట్టడమే.

ఎనిమిదిలో ఒకటి
ఇద్దరూ డిగ్రీల దగ్గరే కొట్టుకుంటున్నారు. ఆయన మొదటి ఫిర్యాదు మిస్సింగ్. దెబ్బ ‘లెక్కపెట్టినట్టు’ తప్పుతోందని రాశారు, చదివారా? డిస్ట్రిబ్యూటర్ తిప్పితే ఎనిమిది సిలిండర్ల స్పార్కూ ఒకేలా జరుగుతుంది. ఒక్క సిలిండర్ మాత్రమే చచ్చిపోయి ఉంటే దానికి టైమింగ్ కారణం కాదు.

పాతబండి గారూ, ఇంజిన్ ఆపి ఒక్కో ప్లగ్ వైరు తీయండి. తీసిన వైరును ఎర్త్ చేసి స్టార్ట్ చేయండి. గాలిలో వదిలేస్తే ఈ కాయిల్ వోల్టేజి దారి వెతుక్కుంటూ రోటర్‌నో, మీ చేతినో పట్టుకుంటుంది. ఏ వైరు తీసినప్పుడు ఆర్‌పీఎం పడిపోకుండా ఉందో అదే దోషి. అలాగే 1వ సిలిండర్ ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో పిస్టన్ స్టాపర్ (పిస్టన్‌ను పైకొసకు ముందే ఆపే బోల్టు) బిగించి, క్రాంక్ బోల్టుకు పానా వేసి చేత్తో తిప్పండి. స్టార్టర్ జోలికి పోవద్దు. ఒకవైపు తిప్పి ఆగిన చోట బాలెన్సర్ (క్రాంక్ ముందు కొసన ఉండే, టైమింగ్ గీత ఉన్న చక్రం) మీద సుద్దగీత, రెండోవైపు తిప్పి ఆగిన చోట మరో గీత. వాటికి సరిగ్గా నడుమ ఉన్నదే అసలు టాప్ డెడ్ సెంటర్, అంటే పిస్టన్ పైకొస. రింగు మీద ముద్రించిన గీత అక్కడ లేకపోతే మీ వాదన మొత్తం అబద్ధపు గీత మీద నడుస్తున్నట్టు.

పాతబండి
చేశాను. వాక్యూమ్ గొట్టం మొదటి నుంచీ మూసే చూశాను, ఆ పొరపాటు లేదు. గేజ్ 16 దగ్గర ఉంది, సూది క్రమం తప్పకుండా ఒక్కసారి కిందికి తొణుకుతోంది.

7వ సిలిండర్ వైరు తీసినా ఇంజిన్‌లో ఏ తేడా లేదు. మిగతా ఏడింటికీ ఆర్‌పీఎం పడింది.

బాలెన్సర్ రింగు వ్యాసం 171 మిల్లీమీటర్లు, అంటే డిగ్రీకి సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. సుద్దగీతల నడిమి బిందువుకూ, ముద్రించిన గీతకూ మధ్య స్కేలు పెడితే 18 మిల్లీమీటర్లు! 12 డిగ్రీలు. లోపలి హబ్‌కూ బయటి రింగుకూ మధ్య ఉన్న రబ్బరు పగుళ్లు పట్టి ఉంది, గోరు పెడితే పొడి రాలుతోంది. లైటు 22 అన్నప్పుడు నిజంగా ఉన్నది 10. స్టిక్కర్ ప్రకారం 8 అనుకుని పెట్టిన రోజున, టాప్ డెడ్ సెంటర్ దాటాక 4 డిగ్రీలకు స్పార్క్ పడుతూ ఉందన్నమాట. బండి ఎందుకు ఈడ్చుకుంటూ నడిచిందో ఇప్పుడు తెలిసింది.

చెవిసాక్ష్యం
మరి చెవి చెప్పిందే నిజమైంది కదా.

డిగ్రీలమనిషి
చెవికి 10 దొరికింది, సరే. 16 దొరికినా అంతే మెచ్చుకునేది. లైటు అబద్ధం చెప్పలేదు, గీత జారింది. ఈ విషయంలో మాత్రం నేను తప్పు లెక్క వేశాను, గీతను పరీక్షించమని మొదటి మాటగా చెప్పి ఉండాల్సింది. ఆ రింగు మీద కొత్త గీత గీసుకుని నడపకండి. ఒకసారి జారినది మళ్లీ జారుతుంది, ఊడి కూడా పోగలదు. బాలెన్సర్ మార్చండి.

ఎనిమిదిలో ఒకటి
ఇప్పుడు 7 సంగతి. ఈ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2. 5, 7 పక్కపక్క సిలిండర్లు, వరసగా పేలేవి కూడా. ఆ రెండు వైర్లు ఒకదానికొకటి ఆనుకుని పోతుంటే 5వ దాని స్పార్క్ 7లోకి కూడా దూకవచ్చు. వైర్లను విడదీసి చూడండి. తరవాత కంప్రెషన్. అదీ బాగుంటే రాకర్ల (వాల్వులను నొక్కి తెరిచే మీటల) మూత విప్పాలి.

పాతబండి
వైర్లు విడదీశాను, మార్పు లేదు. కంప్రెషన్ 7లో 140 పౌండ్లు, మిగతావి 135 నుంచి 150. స్పార్క్ నీలంగా, బలంగా ఉంది. స్పార్కూ కంప్రెషనూ ఉండి సిలిండర్ పని చేయకపోవడం ఏమిటని రాత్రంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

ఈ రోజు ఎడమవైపు రాకర్ మూత విప్పి, టార్చి పెట్టి, క్రాంక్‌ను చేత్తో తిప్పించాను. 7వ సిలిండర్ ఇన్‌టేక్ రాకర్ సుమారు 10 మిల్లీమీటర్లు దిగింది. దాని పక్కనున్న ఎగ్జాస్ట్ రాకర్ 3 కూడా దిగలేదు. రాకర్ నట్టు గట్టిగానే ఉంది, పుష్‌రాడ్ వంగలేదు.

ఎనిమిదిలో ఒకటి
ఎగ్జాస్ట్ కామ్ లోబ్ (కామ్‌షాఫ్ట్ మీద వాల్వును తెరిచే ఉబ్బు) అరిగిపోయింది. వాల్వు మూసుకోవడంలో లోపం లేదు గనుక కంప్రెషన్ బాగానే వస్తుంది. కాలిన వాయువు బయటికి పోవడానికి మాత్రం దారి లేదు. ఇన్‌టేక్ వాల్వు తెరుచుకోగానే అదే వెనక్కి తన్నుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు కార్బ్యురేటర్‌లో వినిపించిన ‘టప్పు’ అదే.

కామ్ మారిస్తే లిఫ్టర్లన్నీ (లోబ్ మీద ఆని పుష్‌రాడ్‌ను ఎత్తే ముక్కలు) కొత్తవే వేయాలి, పాత లిఫ్టర్ కొత్త లోబ్‌ను రోజుల్లో కొరికేస్తుంది. మొదటిసారి స్టార్ట్ చేశాక ఇరవై నిమిషాలు ఐడ్లింగ్‌కు దింపకుండా 2000 ఆర్‌పీఎంకు పైనే ఉంచండి. అందుకే స్టార్ట్ చేయకముందే టైమింగ్ దాదాపు సరిగ్గా ఉండాలి.

చెవిసాక్ష్యం
చైన్ చూశారా, లేదా? దాని గురించి నేను చెప్పింది ఎవరూ పట్టించుకోలేదు.

పాతబండి
చూశాను. క్రాంక్ దిశ మార్చి తిప్పితే రోటర్ కదలడానికి ముందు 9 డిగ్రీలు ఖాళీగా తిరిగింది. చైన్ కూడా మారుస్తున్నాను. కొత్త బాలెన్సర్ బిగించాక మళ్లీ స్టాపర్ పెట్టి గీత సరిచూసి, 10 దగ్గర మొదలుపెడతాను. ఆ తరవాత గేజ్ సూది ఎక్కడ నిలిచిందో, లైటు ఎంత చూపించిందో రెండూ రాస్తాను.