జెఫ్రీ ఆమ్స్‌హౌస్: భవనం మిగిలిందా, ముఖం మాత్రమే మిగిలిందా?

పాతఇటుక:
లండన్ షోర్‌డిచ్‌లో 1714 నాటి జెఫ్రీ ఆమ్స్‌హౌస్ ఉంది. ఐరన్‌మాంగర్స్ కంపెనీ, అంటే ఇనుప వర్తకుల సంఘం, సర్ రాబర్ట్ జెఫ్రీ రాసిచ్చిన డబ్బుతో పేద వృద్ధుల కోసం కట్టించింది. 1914లో అది ఫర్నిచర్ మ్యూజియం అయింది. దాంతో భవనం బతికిందని అంతా అంటారు. నాకైతే ముఖం, అంటే బయటి రూపం, మాత్రమే బతికిందనిపిస్తుంది. మీరేమంటారు? (బానిస వ్యాపారంలో జెఫ్రీ పెట్టుబడుల గురించి, ఆయన విగ్రహం గురించి దయచేసి వేరే థ్రెడ్‌లో.)

హాక్నీబస్సు:
ముఖమంటే అంత చులకనా? తోటకు మూడు వైపులా ఇటుక ఇళ్లు, నడుమ చాపెల్ (చిన్న ప్రార్థన మందిరం), దాని తలుపు పైన గూట్లో విగ్రహం. అప్పటి షోర్‌డిచ్‌లో జనం కిక్కిరిసి ఉండేవారు, పిల్లలు ఆడుకునే జాగా లేదు. లండన్ కౌంటీ కౌన్సిల్, అంటే అప్పటి నగర పాలక సంస్థ, ప్రధానంగా ఆ తోట కోసమే ఈ స్థలాన్ని కొన్నది. లేకపోతే ఈపాటికి ఇటుక కూడా మిగిలేది కాదు. వృద్ధులనూ రోడ్డున పడేయలేదు, అప్పట్లో కెంట్‌లో ఉన్న మాటింగమ్‌లో కొత్త ఇళ్లు కట్టి పంపారు.

పాతఇటుక:
తోట సంగతి ఒప్పుకుంటాను. కానీ ప్లాన్ చూడండి. 14 ఇళ్లు, ఇంటికి నాలుగు గదులు, మనిషికో గది. మెట్లు ఉమ్మడి, పొయ్యి మాత్రం సొంతం. వంట, పడక, పక్కింటావిడతో కబుర్లు, అన్నీ ఆ ఒక్క గదిలోనే. దానధర్మం మీద బతికే మనిషికి కూడా తలుపేసుకునే హక్కు ఇచ్చిన కట్టడం అది. మ్యూజియం కోసం అడ్డుగోడలు కొట్టేసి, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడిచిపోయేలా చేశారు. బయట వరసగా తలుపులు, లోపల పొడుగాటి నడవ. తలుపులు ఇక దేనికి?

ప్లాన్‌గీత:
14వ నంబరు ఇంటిని పాత పద్ధతిలో బాగుచేశారు కదండీ, గైడ్ వెంట చూడొచ్చు. ఒక గది 1780ల నాటిది, ఒకటి 1880ల నాటిది. ఆ గదులు చూశాకే మిగతా చోట ఏం పోయిందో అర్థమవుతుంది. అయినా పాతఇటుక గారి వాదనకు అసలు బలం వించెస్టర్‌లోని సెయింట్ క్రాస్ ఆమ్స్‌హౌస్. 12వ శతాబ్దపు సంస్థ, 15వ శతాబ్దపు గదుల వరస, కప్పు మీద ఎత్తైన పొగగొట్టాలు. ఇప్పటికీ నల్ల గౌన్లు, ఎర్ర గౌన్ల పెద్దాయనలు అక్కడే కాపురముంటున్నారు. దారిన పోయేవాడు అడిగితే రొట్టెముక్క, కాస్త బీరు కూడా పోస్తారు! లోపల సౌకర్యాలు మారాయి, పని మారలేదు.

హాక్నీబస్సు:
పచ్చిక బయళ్ల మధ్య సెయింట్ క్రాస్‌ను కూల్చాలని ఎవరికి తోస్తుంది? షోర్‌డిచ్‌లో అలా కాదు, కౌన్సిల్ కొనకపోతే అక్కడ కూల్చేవాళ్లే. లోపలి గోడలు పోయినా ముఖం మిగలడమా, రెండూ పోవడమా? నేనైతే మొదటిదే తీసుకుంటాను.

పాతఇటుక:
ఆ రెండే దారులా? ఒక రెక్కను మ్యూజియం చేసి, రెండో రెక్కలో గోడల జోలికి పోకుండా ఉండాల్సింది. వీల్‌చైర్లు, మెట్లు అంటారేమో, 1914లో వాటి గురించి ఎవరూ ఆలోచించలేదు. ఫర్నిచర్ వరసగా పేర్చడానికి పొడుగు హాలు కావాలి, అంతే.