మాజీ సైనికులకు ప్రయోగ దశ మందులు: చట్టం అనుమతిస్తే సరిపోతుందా?

వేగుచుక్క:
అమెరికాలో 2018 మే 30న రైట్ టు ట్రై (ప్రయత్నించే హక్కు) చట్టం మీద ట్రంప్ సంతకం పెట్టారు. ప్రాణాంతక జబ్బు ఉండి, ఆమోదం ఉన్న మందులేవీ పనిచేయనివాళ్లు మొదటి దశ ట్రయల్ దాటిన మందుని, మందులకి ఆమోదం ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లేకుండానే కంపెనీని అడగొచ్చు. ఆ చట్టం పేరులోనే ఉన్న మాథ్యూ బెల్లినా మాజీ నేవీ పైలట్, ఏఎల్ఎస్ (నరాలు దెబ్బతిని కండరాలు చచ్చుబడే జబ్బు) రోగి. పీటీఎస్‌డీతో (యుద్ధం లాంటి భయానక అనుభవాల తర్వాత వచ్చే మానసిక జబ్బు) బాధపడే మాజీ సైనికులకి, మనసు మీద పనిచేసే ప్రయోగ దశ మందులైన ఎండీఎంఏ, సైలోసైబిన్, ఐబోగైన్ కూడా ఇలాగే అందాలని నా వాదన. 2022లో 6,407 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నారు. పీటీఎస్‌డీకి ఎఫ్‌డీఏ ఆమోదించిన మందులు మాత్రం రెండే, సెర్ట్రలిన్, పరాక్సెటిన్.

నాతో పనిచేసే ఒకాయన ఇరాక్ వెళ్లొచ్చాడు. ఎక్కడైనా సరే, వీపు గోడకి ఆనించి, తలుపు కనబడేలా కూర్చుంటాడు. పక్క గదిలో కుర్చీ పడితే చాలు, చేతిలో కప్పు మెల్లగా కింద పెట్టి కళ్లు మూసుకుంటాడు. రెండు మందులూ వాడి చూశాడు. ఇంకొన్నేళ్లు ఆగమని ఆయనకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

లలిత:
మీ బాధ అర్థమైందండీ. కానీ నేను గుండె వార్డులో నర్సుని, ఐబోగైన్ పేరు వింటేనే టెన్షన్ వస్తుంది. ఈసీజీలో క్యూటీ అనే భాగాన్ని, అంటే గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమయ్యే సమయాన్ని, అది సాగదీస్తుంది. కాగితం మీద చూస్తే తేడా ఒకటి రెండు గళ్లే. కానీ అలా సాగిన చోట ఇంకో బీట్ వచ్చి పడితే గుండె లయ తప్పుతుంది, ప్రాణమే పోవచ్చు.

మెక్సికోలో ఐబోగైన్ తీసుకున్న 30 మంది మాజీ స్పెషల్ ఫోర్సెస్ వాళ్లని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు గమనించారు. నెల తర్వాత పీటీఎస్‌డీ లక్షణాలు సగటున 88 శాతం తగ్గాయని 2024లో ప్రకటించారు. మంచి వార్తే, నేనూ సంతోషపడ్డాను. అయితే వాళ్లకి గుండె కోసం మెగ్నీషియం కూడా ఇచ్చారు. పోల్చి చూడటానికి మందు తీసుకోని గుంపు లేదు.

పాతకాపు:
చరిత్ర కూడా చూడాలి. అమెరికా సైన్యానికి చెందిన ఎడ్జ్‌వుడ్ కేంద్రంలో 1955 నుంచి 1975 దాకా దాదాపు 7,000 మంది సైనికుల మీద రసాయనాలు ప్రయోగించారు. గల్ఫ్ యుద్ధంలో విషవాయువు నుంచి రక్షణకని పిరిడోస్టిగ్మిన్ మాత్రలు సమ్మతి అడక్కుండానే మింగించారు. ఇంకో మాట, కంపాషనేట్ యూజ్ (వేరే దారి లేని రోగికి ఆమోదం రాని మందుని ఎఫ్‌డీఏ అనుమతితో ఇవ్వడం) కింద వచ్చే దరఖాస్తుల్లో 99 శాతం పైగా ఎఫ్‌డీఏ ఒప్పుకుంటూనే ఉంది. అడ్డం ఎఫ్‌డీఏ కాదు. రైట్ టు ట్రై ప్రకారం మందు ఇచ్చి తీరాలని కంపెనీకి లేదు, ఖర్చు భరించాలని ఇన్సూరెన్స్‌కీ లేదు.

వేగుచుక్క:
అప్పుడు బలవంతంగా ఇచ్చారు, ఇప్పుడు వాళ్లే అడుగుతున్నారు. రెండూ ఒకటెలా అవుతాయండీ? ఖర్చు సంగతి మాత్రం ఒప్పుకుంటాను. డబ్బున్నవాడు మెక్సికో వెళ్తున్నాడు, లేనివాడు ఇంట్లోనే ఉంటున్నాడు. ఆమోదం కోసం వచ్చిన ఎండీఎంఏ దరఖాస్తుని 2024 ఆగస్టులో ఎఫ్‌డీఏ తిప్పికొట్టి, ఎక్కువమంది మీద జరిపే మూడో దశ ట్రయల్ ఇంకొకటి చేయమంది. అంటే మళ్లీ ఏళ్లే.

లలిత:
అందుకే ట్రయల్స్‌ని వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) ఆసుపత్రుల్లోనే, పెద్ద ఎత్తున జరిపించే చట్టం కావాలంటాను. 2024 డిసెంబర్‌లో వీఏ ఎండీఎంఏ పరిశోధనకి ఇచ్చింది దాదాపు 15 లక్షల డాలర్లు. ఒక్క టెక్సస్ రాష్ట్రం 2025లో ఐబోగైన్ ట్రయల్స్‌కి 5 కోట్ల డాలర్లు కేటాయించింది. ట్రయల్ నిబంధనలకి సరిపోనివాళ్లకి కూడా అవే మానిటర్ల కింద, అదే ఆసుపత్రిలో మందు ఇవ్వాలి. ఏడాది తర్వాత ఎలా ఉన్నారో రాసిపెట్టాలి.

వేగుచుక్క:
ఒక్క సందేహం లలిత గారూ. ఎండీఎంఏ ట్రయల్‌లో చేరాలంటే ముందు సెర్ట్రలిన్ లాంటివి మెల్లగా మానేయాలి. మానే ఆ వారాల్లో మనిషి ఇంకా కుంగిపోతే కనిపెట్టుకుని ఉండేదెవరు? ఆ బాధ్యత, ఆ ఖర్చు కూడా చట్టంలో రాస్తే నేను మీ పక్షమే.