పాపకు పళ్ళ క్లిప్పులు: లోహమా, సిరామికా, అలైనర్లా?

తూర్పుగాలి (ప్రశ్న):
మా అమ్మాయికి పదమూడేళ్లు నిండాయి, ఎనిమిదో తరగతి చదువుతోంది. పైన రెండు కోరపళ్ళు వరసలో చోటు చాలక చిగురు మీదికి ఎక్కి వచ్చాయి. నోరు మూసినప్పుడు పై పళ్ళు కింది పళ్ళను దాదాపు పూర్తిగా కప్పేస్తున్నాయి. ఇక్కడ రాజమహేంద్రవరంలో చూపిస్తే క్లిప్పులు వేయాలన్నారు. లోహపువి, పంటి రంగులో ఉండే సిరామిక్‌వి, రబ్బరు ఉంగరాలు అక్కర్లేని సెల్ఫ్ లైగేటింగ్‌వి, తొడిగి తీసే అలైనర్లు అంటూ నాలుగు ధరల కాగితం చేతిలో పెట్టి, ఏది కావాలో చెప్పమన్నారు. చీర రంగు ఎంచినట్టు దీన్నెలా ఎంచాలో తెలియడం లేదు. పాప సిరామిక్ కావాలంటోంది. పళ్ళు తీయాల్సి రావచ్చని విన్న మా అత్తగారేమో, పై పళ్ళు తీస్తే కంటిచూపు తగ్గుతుందని ససేమిరా అంటున్నారు.

పంటిగట్టు:
నేను ఆర్థోడాంటిస్టునండీ, అంటే పళ్ళ వరస సరిచేసే డాక్టరును. ముందు మీ అత్తగారి సందేహం తీరుస్తాను, ఎందుకంటే ఈ మాట మా దగ్గరికి వారానికొకసారైనా వస్తుంది. పై పళ్ళకు స్పర్శనిచ్చేది ట్రైజెమినల్ నాడి శాఖ, చూపునిచ్చేది ఆప్టిక్ నాడి. రెండూ వేరు కనుక పన్ను తీసినందువల్ల చూపు తగ్గదు.

ఇక క్లిప్పుల సంగతి. రకం ఏదైనా పన్ను కదిలే పద్ధతి ఒక్కటే: తీగ మెల్లగా ఒత్తిన వైపు ఎముక కరుగుతుంది, వెనక వైపు కొత్త ఎముక చేరుతుంది. ఈ పని నెలకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున సాగుతుంది. గట్టిగా ఒత్తితే వేగం పెరగకపోగా పంటి వేరు అరిగే ప్రమాదం ఉంటుంది. అందుకే మొదట 0.014 అంగుళాల సన్నని నికెల్-టైటానియం తీగ వేసి, వరస సర్దుకున్నాక గట్టి స్టీలు తీగకు మారుస్తాము.

మీ పాప విషయంలో గమనించవలసింది పై పళ్ళు కింది పళ్ళను కప్పేయడం. సిరామిక్ బ్రాకెట్లు, అంటే పంటికి అంటించి తీగను పట్టి ఉంచే ముక్కలు, పంటి పైపొర ఎనామిల్ కంటే గట్టివి. కింది పళ్ళకు అవి అంటిస్తే, కొరికినప్పుడల్లా పై పళ్ళు వాటికి తగిలి అరిగిపోతాయి, అరిగిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. పాప పట్టుబడితే పైన సిరామిక్, కింద లోహం అన్న రాజీ సాధ్యమే. సెల్ఫ్ లైగేటింగ్‌తో చికిత్స త్వరగా ముగుస్తుందని చెబుతారు గానీ, పరిశోధనల్లో ఆ లాభం చెప్పుకోదగినంతగా తేలలేదు. తీగ మార్చడానికి పట్టే సమయం కొద్దిగా తగ్గుతుంది, అంతే. అలైనర్లు రోజుకు 22 గంటలు తొడగాలి, టిఫిన్ డబ్బా పక్కన మరచిపోతే పని ఆగిపోతుంది. పైకెక్కిన కోరపన్నును కిందికి దించడం కూడా వాటికి కష్టమైన పని. నేనైతే లోహపు క్లిప్పులే వేస్తాను.

పళ్ళు తీయాలా వద్దా అన్నది మాత్రం పక్కనుంచి తీసిన తల ఎక్స్‌రే, పళ్ళ అచ్చులు చూడకుండా ఎవరూ చెప్పకూడదు. చూడకుండానే చెప్పి ఉంటే, ఆర్థోడాంటిక్స్‌లో ఎం.డి.ఎస్. (దంతవైద్యంలో పీజీ) చేసినవారి అభిప్రాయం మరొకటి తీసుకోండి.

నాలుకముల్లు:
ముప్పై ఏళ్ల వయసులో, బయటికి కనబడకూడదని, పళ్ళ లోపలివైపు అంటించే లింగ్వల్ క్లిప్పులు వేయించుకున్నవాణ్ణి. ఖర్చు అన్నిటికంటే ఎక్కువ. మొదటి మూడు వారాలు నాలుక ఒరుసుకుపోయి పుళ్ళు పడ్డాయి, ఆఫీసు సమావేశంలో 'స', 'త' పలకలేక తిప్పలు పడ్డాను. అయినా నా అసలు పొరపాటు అది కాదు. క్లిప్పులు తీశాక పళ్ళు మళ్ళీ కదలకుండా పెట్టుకొమ్మని ఇచ్చిన రిటైనర్‌ను ఆరు నెలలు పెట్టుకుని అటకెక్కించాను, రెండేళ్లలో కింది ముందరి పళ్ళు మళ్ళీ ఒకదాని మీదికి ఒకటి వచ్చాయి. ధర మాట్లాడేటప్పుడు రిటైనర్ అందులో ఉందో లేదో అడగండి.

గుంటూరుకారం:
మా అబ్బాయి బ్రాకెట్లు మూడుసార్లు ఊడాయి: ఒకసారి జంతికలకు, రెండుసార్లు ఆవకాయ ముక్క టెంకకు. పాపకు ముక్క పెట్టకుండా ఊట మాత్రం కలిపి పెట్టండి. సిరామిక్ వేయిస్తే పసుపు సంగతీ ఆలోచించుకోండి. బ్రాకెట్ రంగు మారకపోయినా, దానికి చుట్టిన తెల్ల రబ్బరు ఉంగరాలు రెండు పూటల పప్పు, పులుసుతో పచ్చబడతాయి.

తూర్పుగాలి:
అందరికీ కృతజ్ఞతలు. ఎక్స్‌రే తీయలేదు, అచ్చులూ తీసుకోలేదు, కాబట్టి ఇంకొకరికి చూపిస్తాము. పదో తరగతి పరీక్షల తర్వాత మొదలుపెడితే నష్టమా?

పంటిగట్టు:
పళ్ళు అప్పుడైనా కదులుతాయి, పెద్దవయసులోనూ కదులుతాయి. అయితే పై పళ్ళు కప్పేసే సమస్యను సరిచేయడానికి ఎదిగే వయసు తోడ్పడుతుంది కనుక ఇప్పుడే మేలు. ఇటువంటి చికిత్సకు మామూలుగా 18 నుంచి 24 నెలలు పడుతుంది, నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి రావాలి. ఈ వేసవిలో మొదలుపెడితే పదో తరగతి పరీక్షల నాటికి చాలావరకు పూర్తవుతుంది. మొదలయ్యాక ప్రతి భోజనం తర్వాత తీగ కిందుగా చిన్న బ్రష్‌తో తోమించండి. లేకపోతే బ్రాకెట్ల చుట్టూ పడే సున్నంలాంటి తెల్ల మచ్చలు క్లిప్పులు తీశాకా మిగిలిపోతాయి.