బొంబాయి వర్లీ బీడీడీ చాల్: మా పాత గల్లీల ఇంకేమన్న మిగిలిందా?

మా నాయిన సిరిసిల్ల నుంచి పోయి బొంబాయి మిల్లుల మగ్గం నడిపిండు. బీడీడీ చాల్ అంటే సర్కారు కట్టిన ఒంటిగది ఇండ్ల బిల్డింగులు, అండ్ల 160 చదరపు అడుగుల ఖోలీల (గదిల) ఏడుగురం ఉంటుంటిమి. సందాసు వరండా చివర, పొద్దుగాల డబ్బా పట్టుకొని లైను! 1982 సమ్మెల పని పోయినంక ఊరికి వచ్చేసినం. ఇప్పుడు పోతే ఏం కనపడ్తది?

జవాబు: నేను పోయినేడు పోయిన. మా చాల్ జాగల రేకుల కంచె, క్రేన్లు. పాత చాలోళ్లకు పక్కన కట్టిన టవర్ల 500 చదరపు అడుగుల ఫ్లాట్లు ఇస్తున్నరు. కొన్ని పాత బిల్డింగులు ఇంక నిలబడ్డయి, తొందరగ పోండ్రి.

జవాబు: జాంబోరీ మైదాన్ ఉన్నదన్నా, పిలగాండ్లు క్రికెట్ ఆడుతున్నరు. పాతోళ్లను అడుగాలంటే ఆదివారం పో, వేరే దినాలల్ల ఎవ్వలు దొరుకరు.

ప్రశ్న అడిగినాయన: సరే తమ్మీ, దసరా అయినంక అక్కను గూడ తోల్కపోత. నల్లా కాడ కొట్లాటలన్ని ఆమెకే యాదికున్నయి.