పలుగురాయిని "స్ఫటికం" అని ఎందుకు రాస్తున్నాం?

పోయిన ఆదివారం బెంగళూరు దగ్గర కనకపుర రోడ్డు మీదుగా వెళ్తున్నాం. రోడ్డు వెడల్పు చెయ్యడానికి ఒక గుట్టను నిలువునా కోసేశారు. బూడిదరంగు బండలో జానెడు వెడల్పున తెల్లటి చార. చార మధ్యలో ఒకచోట పిడికిలి పట్టేంత బొరియ, దాని లోపలి గోడ నిండా వేలిగోరంత మొనలు. ఒక్కోదానికి ఆరు పలకలు, పైన కొస. "క్వార్ట్జ్ క్రిస్టల్స్!" అని మా అమ్మాయి గంతులేసింది. తెలుగులో ఏమంటారమ్మా అని అడిగితే "పలుగురాయి" అన్నాను.

ఇంటికొచ్చి ఒక తెలుగు సైన్సు పుస్తకం తీస్తే అందులో క్వార్ట్జ్‌కి "స్ఫటికం" అని ఉంది. కొన్ని పేజీలు తిప్పితే ఉప్పు స్ఫటికాలు, చక్కెర స్ఫటికాలు. మరి మా అమ్మాయి చూసినదాన్ని ఏమనాలి, స్ఫటిక స్ఫటికం అనా?

మాది అనంతపురం వైపు. చేలో నడిస్తే కాళ్ళకు తగిలేవి పలుగురాళ్ళే. రాత్రిపూట దుప్పట్లో దూరి రెండు ముక్కలు రాపాడిస్తే రాయి లోపల మినుకుమని వెలుగు, కాలిన వాసన. కడప జిల్లాలో పలుగురాళ్ళపల్లె అని ఊరే ఉంది. ఊరికి పేరుగా నిలిచిన మాట పుస్తకానికి ఎందుకు పనికిరాలేదు? పెద్దలు చెప్పండి.

జవాబు:
అక్కా, మేం తాతల కాలం నుంచీ బెంగళూరులోనే ఉన్నాం, ఇంట్లో తెలుగే. ఈ రాయిని మేం బెణచుకల్లు అనే అంటాం. అది కన్నడ మాట అని పెద్దయ్యాకే తెలిసింది. పలుగు అంటే మాకు గడ్డపారే. పలుగుతో పొడిస్తే గానీ ఊడిరాదు కాబట్టి పలుగురాయి అయ్యుంటుందని నా ఊహ.

జవాబు:
అమ్మా, స్ఫటికం తప్పు మాట కాదు, పాత మాట. హయగ్రీవ శ్లోకంలో "నిర్మలస్ఫటికాకృతిమ్" అన్నారు కదా. వేదాంతం చెప్పేవాళ్ళు స్ఫటికం పక్కన మందారపువ్వు పెట్టి, రాయి ఎర్రగా కనిపిస్తుంది గానీ ఎర్రది కాదని దృష్టాంతం చెబుతారు. అంటే వాళ్ళ దృష్టిలో స్ఫటికమంటే నీళ్ళలా తేటగా ఉండి, అవతలి రంగు ఇవతలికి చూపించే రాయి. ఉప్పురవ్వను వాళ్ళు స్ఫటికం అనలేదు. గుట్టల్లో దొరికే పాలతెలుపు రాయిని అలా పిలవడం కూడా నేను చదివినంతలో కనబడలేదు.

నా జవాబు:
నమస్కారం మాస్టారూ, మీరు చెప్పింది నాకు చాలా ఉపయోగపడింది. స్ఫటికం మొదట ఒక రాయి పేరే, తర్వాత ఆకారం పేరైంది. గ్రీకులోనూ ఇదే జరిగింది. క్రుస్టల్లోస్ అంటే మంచుగడ్డ. తేటగా ఉన్న పలుగురాయిని ఎప్పటికీ కరగని మంచు అనుకుని అదే పేరు పెట్టారు. ఇంగ్లీషు క్రిస్టల్ అందులోంచే వచ్చి, ఇప్పుడు ఉప్పుకీ చక్కెరకీ కూడా చెల్లుతోంది. మన పటిక కూడా స్ఫటికం బిడ్డే. పటికబెల్లం పలుకులు చూడండి, పేరు ఎంత అతికిందో!

తమ్ముడూ, గడ్డపార ఊహ బాగుంది గానీ నాకు వేరేగా తోస్తోంది. తమిళంలో పళింగు అంటే స్ఫటికం. చెన్నైలో చలువరాయినీ పళింగు అనే అంటారు. పాత బౌద్ధ గ్రంథాల భాష పాలీలో స్ఫటికానికి మాట ఫలిక. ఇప్పుడు పళింగును తెలుగు దారిలో నడిపించండి. తమిళ ళకారం మనకు లకారమవుతుంది: అక్కడ పుళి, ఇక్కడ పులుసు. ముక్కుతో పలికే అక్షరం జారిపోతుంది: అక్కడ తూంగు, ఇక్కడ తూగు. చివర ఉకారముంటే ముందరి ఇకారం కూడా ఉకారమవుతుంది: బడి, బడులు. మూడూ కలిపితే పళింగు పలుగై కూర్చుంటుంది. అందుకే పలుగురాయిలోని పలుగు గడ్డపార కాదనీ, స్ఫటికానికి దూరపు చుట్టమనీ నా నమ్మకం. కాదనిపిస్తే సాక్ష్యంతో సరిదిద్దండి, సంతోషంగా ఒప్పుకుంటాను.

బెణచులో మొదటి ముక్క తెలుపేమో చూడండి. కన్నడ బెళ్ళి, మన వెండి, వెల్ల, వెలిగారం అన్నీ ఆ తెల్లటి కుటుంబమే.

జవాబు:
నేను రాళ్ళ చదువు చదివినదాన్ని. మాట సంగతి మీరే తేల్చండి, రాయి సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. బండ పగుళ్ళలోకి సిలికా (పలుగురాయి ఈ పదార్థమే) కరిగిన వేడినీళ్ళు చేరి, అక్కడ పేరుకుంటే మీరు చూసిన చార. పగులు పూర్తిగా నిండితే ముద్దగా ఉంటుంది, ఖాళీ మిగిలిన చోటే మొనలు పెరుగుతాయి. పాలతెలుపుకు కారణం ఎక్కువగా లోపల చిక్కుకున్న కంటికందని నీటిబుడగలే. తేటరాయీ పాలరంగు రాయీ పదార్థంగా ఒకటే. చుట్టూ బండలో ఉన్న ఫెల్స్‌పార్ అనే ఖనిజం కుళ్ళి మట్టయిపోతుంది, ఇది కుళ్ళదు. మీ చేలో పలుగురాళ్ళు మిగిలింది అందుకే. కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే తెల్లటి ఖనిజం) అని అనుమానమొస్తే గాజు మీద గీకండి. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే లెక్కలో పలుగురాయి కాఠిన్యం 7, గాజును గీస్తుంది. కాల్సైట్‌ది 3, గియ్యలేదు. లాల్‌బాగ్ గుట్ట మీద కూడా తెల్లచారలు కనిపిస్తాయి. సుమారు 300 కోట్ల ఏళ్ళనాటి నైస్ (gneiss, వేడికీ ఒత్తిడికీ మారి చారలు తేలిన రాయి) బండ అది, జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. అమ్మాయిని తీసుకెళ్ళి చూపించండి, సుత్తి మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళండి.

నా జవాబు:
ధన్యవాదాలండీ. పదార్థం ఒకటే అని మీరన్నాక నాకు దారి దొరికింది. రాయి పేరు పలుగురాయి, ఆకారం పేరు స్ఫటికం. ఉప్పుది ఉప్పు స్ఫటికం, దీనిది పలుగురాతి స్ఫటికం. ముద్దగా ఉన్నది ఉత్త పలుగురాయి. ఏ మాటనూ వదులుకోనక్కర్లేదు. రోడ్డు పక్క రాలి పడిన చిన్న ముక్కకు మా అమ్మాయి చీటీ అంటించింది: "పలుగురాతి స్ఫటికం, కనకపుర రోడ్డు". కింద కన్నడంలో బెణచుకల్లు అని కూడా రాసుకుంది.

శ్రీకాకుళం, ఆదిలాబాద్ వైపు వాళ్ళెవరైనా ఉన్నారా? మీ ఇళ్ళలో ఈ రాయిని ఏమంటారు?